నడిపేవాడి నడక

బోర్డు మీద రాసుంటుంది: డ్రైవరుతో మాట్లాడరాదు.
సరిగ్గా దాని కిందే కూర్చుని
పన్నెండేళ్లుగా మాట్లాడుతున్నాడు వాటీ గెడెస్.

ఆర్‌బ్రోత్ రేవు దగ్గర ఎక్కుతాడు, ఆరూ ఇరవైకి.
అతనికంటే ముందు అతని కోటు వాసన ఎక్కుతుంది:
హాడక్ చేపల్ని పొగబెట్టే కొట్టంలో
రాత్రంతా కట్టె పొగ తాగిన కోటు.
శుక్రవారమైతే
పాత పేపర్లో చుట్టిన చేప ఒకటి
నా గేరు పక్కన పెట్టి, ఏమీ అనకుండా దిగిపోతాడు.

నేను ముప్ఫై ఒక్కేళ్లుగా బస్సు నడిపేవాణ్ణి.
నడిపేవాణ్ణే గాని నడిచేవాణ్ణి కాను.
నా కాళ్లకి తెలిసినవి రెండే:
ఒకటి తొక్కితే పోతుంది,
ఒకటి తొక్కితే ఆగుతుంది.

ఏటా మే నెలలో
సముద్రంలో చిక్కుకున్నవాళ్లని ఒడ్డుకు తెచ్చే పడవ కోసం
వాటీ కొండ అంచున తొమ్మిది మైళ్లు నడుస్తాడు.
చందా కాగితం నా ముందుకు తోస్తే
ఐదు పౌండ్లని రాసి
"పచ్చ లైటు పడింది, కూర్చో" అనేవాణ్ణి.
ఆ ఐదు పౌండ్లతో నా మనస్సాక్షి
మళ్లీ మే దాకా గుర్రుపెట్టి నిద్రపోయేది.

ఈ మార్చిలో
నిచ్చెన మీంచి జారి మోకాలు విరగ్గొట్టుకున్నాడు.
మూడు వారాలు ముందు సీటు ఖాళీ.
బోర్డు మాట మొదటిసారి చెల్లింది.
ఎవరూ మాట్లాడని రూటు ఎంత పొడుగో అప్పుడు తెలిసింది.

నాలుగో వారం చూడ్డానికి వెళ్తే
కుర్చీలోంచే కాగితం చాపాడు.
"డబ్బులొద్దు. కాళ్లు అప్పియ్యి."

నడక తర్వాత. ముందు అడగాలి.
అడగందే అమ్మైనా పెట్టదంటారు,
అడగడానికి నోరు రావద్దూ?
మాంసం కొట్టు రాబ్ ముందు టోపీ తీసి నిలబడి
పావుగంట వాన గురించి మాట్లాడి
అరకిలో సాసేజీలు కొనుక్కొచ్చేశాను.
రెండోసారి వెళ్తే అతనే అన్నాడు:
"జేబులో ఉన్నది వాటీ కాగితమేనా? ఇలా తే."
మైలుకి రెండు పౌండ్లు.
స్కూలు పిల్ల ఒకతి డెబ్బై పెన్నీలు, అన్నీ చిల్లరే.
అడుగున వాటీ వంకర రాత:
"ఇతగాడు సణిగినప్పుడల్లా పది పెన్నీలు."

బూట్లు కూడా అతనివే. నాకు ఒక సైజు ఎక్కువ.
వేళ్ల దగ్గర పేపరు కుక్కాను,
చేప చుట్టిన పేపరే.

ముప్ఫై ఒక్కేళ్లు అద్దంలోంచి చూసిన సముద్రం
అద్దం తీసేస్తే ఇంత గట్టిగా నెడుతుందని
నాకెవరూ చెప్పలేదు.
మొదటి మైల్లోనే నాలుగుసార్లు సణిగాను.
పక్కన నడుస్తున్న నర్సు ఇష్‌బెల్
వేళ్లు మడుస్తోంది. లెక్క ఆవిడకి అప్పగించాడట.

నాలుగో మైలు దగ్గర, రోడ్డు మీద,
నా బస్సు నన్ను దాటిపోయింది.
కుర్రాడెవడో హారన్ కొట్టాడు. చెయ్యెత్తాను.
ఆపలేదు, నయం.
ఆపితే ఎక్కేసేవాణ్ణి.

కొండ చీలి, నీళ్లు లోపలికి చొచ్చుకొచ్చే చోట
ఇష్‌బెల్ ఆగింది.
"వాటీ ఏటా ఇక్కడ ఆగుతాడు. టోపీ తీస్తాడు."
ఎవరికోసం?
"చెప్పడు."
పన్నెండేళ్లు ఆగకుండా మాట్లాడిన మనిషి
నాకు చెప్పని ఒకే ఒక్క మాట
కింద రాళ్లకి కొట్టుకుంటోంది.
అతని బూట్లలో నిలబడి
నా టోపీ తీశాను.
అక్కణ్ణించి రెండు మైళ్లు
ఇష్‌బెల్ ఒక్క వేలూ మడవలేదు.

చివర్లో, మడత కుర్చీలో వాటీ,
ఒళ్లో ఫ్లాస్కు, కట్టుతో చాపిన కాలు.
శభాష్ అనలేదు.
"నూట పద్నాలుగు" అన్నాడు,
పదకొండు పౌండ్ల నలభై లెక్కపెట్టి డబ్బాలో వేస్తూ.

చీలిక దగ్గర ఆగానని చెప్పలేదు.
టోపీ వైపు ఒకసారి చూశాడు, టీ పోశాడు.

"వచ్చే ఏటికి నా మోకాలు లేస్తుంది.
నా బూట్లు నాకిచ్చి, నీ సైజువి కొనుక్కో."

నూట పదిహేనోది సణిగాను.